ఫ్రైట్ ఫ్రీ అన్నారు, చెన్నైలో 71 వేల బిల్లు పంపారు

ప్రశ్న: మాది జగిత్యాల. పసుపు, కారం, పొడులు ప్యాక్ చేసి అమ్ముతాం. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి ఒక పౌచ్ ప్యాకింగ్ మెషిన్ తెప్పించుకున్నాం. ధర సీఐఎఫ్ చెన్నై, అంటే చెన్నై రేవు దాకా షిప్ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపి, మన డబ్బుల్లో 6 లక్షలు. షిప్ కిరాయి ఫ్రీ, మేమే కట్టేశాం అన్నారు. డబ్బంతా బ్యాంకు ద్వారానే పంపాం. షిప్ చెన్నైకి వచ్చి నాలుగు రోజులైంది. అక్కడి ఏజెంట్ 71,500 రూపాయల బిల్లు మెయిల్ చేసి, అది కడితేనే డీవో (సరుకు అప్పగించమనే డెలివరీ ఆర్డర్) ఇస్తానంటున్నాడు. పెట్టె కొలత 160 × 120 × 125 సెంటీమీటర్లు, బరువు 480 కిలోలు. బిల్లులో మాత్రం 4 సీబీఎం (ఘనపు మీటర్లు) అని వేశారు. ఇంత ఎందుకు కట్టాలి, ముందు బిల్లు సంగతి తేలనీ అని మా వారు పట్టుబట్టారు. అందుకే ఇంకా ఏ పనీ మొదలుపెట్టలేదు. డ్యూటీ తగ్గేలా 3 లక్షలకు ఇంకో ఇన్వాయిస్ ఇస్తానని సప్లయర్ అంటున్నాడు. తీసుకోవచ్చా? వచ్చే ఏడాది రెండో మెషిన్ కొనాలి. మళ్లీ ఇతని దగ్గరే కొనొచ్చా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది 71 వేల బిల్లు కాదు. షిప్ వచ్చి నాలుగు రోజులైనా మీరు బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం, వేయలేదు. ఏజెంట్‌తో బేరం తేలితేనే కస్టమ్స్ పని మొదలవుతుందని మీ ఇంట్లో అనుకుంటున్నట్టున్నారు. అలాంటి రూలు లేదు. డీవో కావాల్సింది సరుకు బయటికి తెచ్చుకునే రోజున. బిల్ ఆఫ్ ఎంట్రీ వేయడానికి అది అక్కర్లేదు. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బీఎల్ (సరుకు షిప్ ఎక్కినట్టు ఇచ్చే రవాణా రసీదు), ఇన్సూరెన్స్ కాగితం, వాటితో పాటు ఐజీఎం (షిప్‌లో వచ్చిన సరుకుల జాబితా) నంబరు, అందులో మీ సరుకు లైన్ నంబరు ఉంటే చాలు. ఐజీఎం వివరాలు మామూలుగా ఏజెంట్ పంపే అరైవల్ నోటీసులోనే ఉంటాయి. మెయిల్‌లో వెతకండి.

2021 బడ్జెట్‌తో కస్టమ్స్ చట్టం 46వ సెక్షన్ మారింది. సముద్రం మీద వచ్చే సరుకుకు, పొరుగున ఉన్న కొన్ని దేశాల నుంచి వచ్చేవి తప్ప, షిప్ వచ్చే ముందు రోజు ముగిసేలోపే బిల్ ఆఫ్ ఎంట్రీ పడాలి. ఆ ముందు రోజు ఆదివారమైనా, పండగైనా లెక్కలోకి వస్తుంది. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000 రూపాయలు, నాలుగో రోజు నుంచి రోజుకు 10,000. ఈ లెక్కన మీకు ఇప్పటికే పాతిక వేలకు తక్కువ ఉండదు. ఏజెంట్ బిల్లులో మీరు తగ్గించుకోగలిగేదంతా ఈ ఫీజుకే పోయేలా ఉంది. కాబట్టి ఇది చదివిన గంటలోనే చెన్నైలో ఒక సీహెచ్ఏతో మాట్లాడండి. లైసెన్సు ఉన్న కస్టమ్స్ బ్రోకరై ఉండాలి. ఆ బిల్లు పంపిన ఏజెంట్ చూపించిన మనిషి మాత్రం వద్దు.

లేట్ ఫీజు మాఫీ అడగడానికి చట్టంలో చోటుంది. ఆలస్యానికి తగిన కారణం ఉందని అధికారి ఒప్పుకుంటే కట్టనక్కర్లేదు. బిల్లు గురించి వాదించుకుంటూ ఉండిపోయాం అంటే అది కారణం కాదు. అరైవల్ నోటీసే షిప్ వచ్చాక అందితే మాత్రం అది బలమైన కారణం. ఆ మెయిల్ తేదీ చూసుకుని, ఉన్నది ఉన్నట్టు రాసి సీహెచ్ఏ చేత లెటర్ పెట్టించండి.

ఇక బిల్లు సంగతి. మీ వారి కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపం ఏ లైను మీద పడాలో తెలియాలి.

మీది ఎల్‌సీఎల్ సరుకు, అంటే పదిమంది పెట్టెలు కలిపి ఒక కంటైనర్‌లో వేసి పంపినది. ఇరవై అడుగుల కంటైనర్‌లో పేరుకు 33 సీబీఎం చోటు ఉన్నా, మామూలుగా 25 నుంచి 28 వరకే పడుతుంది. దాన్ని నింపి పంపేవాడిని కన్సాలిడేటర్ అంటారు. చైనా నుంచి ఇండియాకు ఎల్‌సీఎల్ పంపేవాళ్ల మధ్య పోటీ ఎక్కువ. ఫ్యాక్టరీల సరుకు తమకే రావాలని షిప్ కిరాయి సున్నాకు ఇస్తారు. కొన్నిసార్లు సీబీఎంకి ఇన్ని డాలర్లని ఫ్యాక్టరీకే ఎదురు డబ్బు ఇస్తారు. కంటైనర్ మాత్రం ఊరికే రాదు. షిప్పింగ్ లైన్‌కు ఎవరో ఒకరు కట్టాలి. ఆ డబ్బుకు తమ లాభం కలిపి, ఇక్కడ సరుకు అందుకునే వాళ్ల దగ్గర రాబడతారు. మీకు ఫ్రీగా వచ్చిందన్న కిరాయిని చెన్నైలో వేరే పేర్లతో మీ చేతే కట్టిస్తున్నారు. మీ సప్లయర్ అబద్ధం ఆడి ఉండకపోవచ్చు. అతనికి నిజంగానే ఫ్రీ అయి ఉండొచ్చు. ఆటో మాట్లాడుకున్నది ఎవరైతే ఆటోవాడు వాళ్ల మాటే వింటాడు. ఈ సరుకు విషయంలో ఆటో మాట్లాడింది మీరు కాదు. చెన్నై ఏజెంట్ మీ మనిషి కాడు. అయినా డీవో అతని చేతిలో ఉంది. సీఐఎఫ్‌లో అసలు చిక్కంతా ఇదే.

ఇప్పుడు ఆ బిల్లును ముందు పెట్టుకుని ఒక్కో లైనూ చూడండి. మొదట చూడాల్సింది సీబీఎం. మీరు రాసిన కొలత ప్రకారం 1.6 × 1.2 × 1.25, సరిగ్గా 2.4 సీబీఎం. సముద్ర రవాణాలో ఒక సీబీఎంని ఒక టన్నుతో సమానంగా చూసి, ఏది ఎక్కువైతే దానికి చార్జి వేస్తారు. మీది అర టన్ను కూడా లేదు కాబట్టి 2.4 మీదే వేయాలి. 4 ఎక్కడి నుంచి వచ్చింది? హౌస్ బీఎల్ (కన్సాలిడేటర్ మీ సరుకుకు ఇచ్చిన బీఎల్) మీద ఎంత రాసి ఉందో చూడండి. అక్కడ 2.4 ఉంటే వేరే మాట అక్కర్లేదు, ఆ కాగితం జతచేసి బిల్లు సరిచేయమనండి. మా దగ్గర కొలిస్తే నాలుగు వచ్చిందని అంటే, కంటైనర్ విప్పినప్పుడు సీఎఫ్‌ఎస్‌లో, అంటే సరుకు విడదీసి నిల్వ ఉంచే గోదాములో, రాసిన ట్యాలీ షీట్ (సరుకు లెక్క కాగితం) అడగండి. సీబీఎం లెక్కన వేసిన ప్రతి లైనూ ఈ ఒక్క దిద్దుబాటుతో 40 శాతం తగ్గుతుంది.

తర్వాత, కిరాయిని మళ్లీ అడుగుతున్న లైన్లు. ఓషన్ ఫ్రైట్ డిఫరెన్స్, ఫ్రైట్ అడ్జస్ట్‌మెంట్, కంటైనర్ ఇంబ్యాలెన్స్ చార్జ్, కరెన్సీ అడ్జస్ట్‌మెంట్ లాంటి పేర్లతో ఉంటాయి. సీఐఎఫ్ అంటేనే చెన్నై రేవు దాకా కిరాయి అమ్మినవాడిది. మీ బీఎల్ మీద ఫ్రైట్ ప్రీపెయిడ్ అని ఉంటుంది. కిరాయి ముట్టిందని రాసిచ్చిన కాగితం అది. దాన్ని చూపించి, ఈ లైన్లు ఏ లెక్కన వేశారో రాతపూర్వకంగా చెప్పమనండి. డాలర్లలో వేసినవాటిని రూపాయల్లోకి మార్చిన రేటు కూడా చూడండి. బ్యాంకు రేటు కంటే రెండు మూడు రూపాయలు ఎక్కువ వేసుకునే అలవాటు కొందరికి ఉంది.

మీరు కట్టాల్సినవీ ఉన్నాయి, వాటి మీద గొడవ వద్దు. రేవులో దించిన ఖర్చు, అంటే టీహెచ్‌సీ, సీఐఎఫ్‌లో మామూలుగా కొన్నవాళ్లదే. డీవో ఫీజు, కంటైనర్ విప్పి సరుకు విడదీసిన ఖర్చు, సీఎఫ్‌ఎస్ హ్యాండ్లింగ్, నిల్వ అద్దె కూడా మీవే. సీఎఫ్‌ఎస్ వాళ్లు తమ చార్జీల పట్టిక అందరికీ కనిపించేలా పెట్టాలని కస్టమ్స్ నిబంధనల్లో ఉంది. మీ సీహెచ్ఏ ఆ పట్టిక తెచ్చి ఏజెంట్ వేసిన అంకెల పక్కన పెడితే తేడా తెలిసిపోతుంది.

ఫోన్లో అరుచుకోవడం వల్ల ఒక్క రూపాయి తగ్గదు. మూడే విషయాలతో మెయిల్ రాయండి: సీబీఎం తేడా, ఫ్రైట్ ప్రీపెయిడ్, డాలర్ రేటు. ఆ మెయిల్ మీ సప్లయర్‌కు కూడా పంపండి. ఇది చాలామంది చేయరు. చైనాలో ఉన్న కన్సాలిడేటర్‌కు మీరెవరో తెలియదు, మీరు మళ్లీ వస్తారన్న ఆశా లేదు. మీ సప్లయర్ ఫ్యాక్టరీ నుంచి అతనికి సరుకు వెళ్తూనే ఉంటుంది. అక్కడి నుంచి ఒక ఫోన్ వస్తే ఇక్కడ బిల్లు తగ్గుతుంది. రెండో మెషిన్ ఆర్డర్ కూడా అనుకుంటున్నాం, ముందు ఇది తేల్చండి అని సప్లయర్‌కు గట్టిగానే రాయండి.

అయితే ఈ పట్టుదలకు ఒక హద్దు పెట్టుకోండి. రెండు మూడు రోజులు చూడండి. కస్టమ్స్ పని పూర్తయ్యేసరికి ఎంత తగ్గితే అంతకు ఒప్పుకుని, అభ్యంతరంతోనే కడుతున్నామని మెయిల్‌లో రాసి కట్టేయండి. అద్దె రోజురోజుకూ పెరుగుతుంది. సరుకు దిగిన 30 రోజుల్లో విడిపించుకోకపోతే 48వ సెక్షన్ కింద నోటీసిచ్చి అమ్మేసే అధికారం కూడా ఉంది. 6 లక్షల మెషిన్‌ని 20 వేల కోసం అంతదాకా తీసుకెళ్లకండి. కట్టినదానికి మీ జీఎస్టీ నంబరుతో ట్యాక్స్ ఇన్వాయిస్ తప్పకుండా తీసుకోండి. అందులోని జీఎస్టీ మీకు క్రెడిట్‌గా తిరిగి వస్తుంది.

తక్కువ ఇన్వాయిస్ సంగతికి వస్తే, వద్దు. ఎందుకు వద్దో లెక్కతోనే చెప్తాను. ప్యాకింగ్ యంత్రాలు కస్టమ్స్ టారిఫ్‌లో 8422 హెడింగ్ కిందకు వస్తాయి. బేసిక్ డ్యూటీ 7.5 శాతం, ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) 18 శాతం చొప్పున చూస్తే మీ లెక్క ఇదీ: 6 లక్షల మీద బేసిక్ డ్యూటీ 45,000. దాని మీద పది శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జ్, 4,500. మొత్తం కలిపిన 6,49,500 మీద ఐజీఎస్టీ 1,16,910. అన్నీ కలిపి 1,66,410 రూపాయలు. చూడగానే గుండె ఆగినంత పనవుతుంది. కానీ అందులో 1,16,910 మీకు ఇన్‌పుట్ క్రెడిట్. బిల్ ఆఫ్ ఎంట్రీలో మీ జీఎస్టీ నంబరు సరిగ్గా పడితే అది మీ క్రెడిట్ల పట్టిక అయిన జీఎస్టీఆర్-2బీలోకి దానంతట అదే వస్తుంది. చిన్న వ్యాపారులు తక్కువ రేటుతో జీఎస్టీ కట్టే కాంపోజిషన్ స్కీమ్‌లో మీరు ఉంటే మాత్రం ఈ క్రెడిట్ రాదు. ఆ సంగతి మీ అకౌంటెంట్‌ని ఈరోజే అడగండి.

అంటే చేతి నుంచి నిజంగా పోయేది 49,500. విలువ సగానికి తగ్గించి చూపిస్తే అందులో మీకు మిగిలేది 24,750. ఈ పాతిక వేల కోసం ఏం పణంగా పెడుతున్నారో చూడండి. మీరు 6 లక్షలు పంపినట్టు బ్యాంకులో ఉంది. దిగుమతి కోసం పంపిన ప్రతి డాలరూ రిజర్వ్ బ్యాంక్ ఐడీపీఎంఎస్‌లో (దిగుమతి చెల్లింపుల లెక్క చూసే కంప్యూటర్ వ్యవస్థలో) నమోదవుతుంది, దానికి ఎదురుగా బిల్ ఆఫ్ ఎంట్రీ చూపించాలి. 3 లక్షల బిల్ ఆఫ్ ఎంట్రీ చూపిస్తే మిగతా 3 లక్షలు ఏమయ్యాయని బ్యాంకే అడగొచ్చు. కస్టమ్స్ దగ్గర అదే రకం మెషిన్లు ఏ విలువకు వచ్చాయో డేటా ఉంటుంది. పట్టుబడితే 111వ సెక్షన్ కింద మెషిన్‌ని జప్తు చేయొచ్చు, పైన పెనాల్టీ వేరే. ఆ సప్లయర్‌కు ఏమీ కాదు, అతను గ్వాంగ్‌డాంగ్‌లో ఉన్నాడు. కష్టపడి నిలబెట్టుకున్న పేరు మీది, ఐఈసీ (దిగుమతి, ఎగుమతులకు ఇచ్చే కోడ్ నంబరు) మీది. ఆ రెండో ఇన్వాయిస్ మెయిల్‌లోకి కూడా రానివ్వకండి. అవసరం లేదని ఇప్పుడే జవాబిచ్చేయండి.

ఇంకో చిన్న విషయం. చెన్నై రేవులో సరుకు దింపిన ఖర్చును డ్యూటీ వేసే విలువలో కలపనక్కర్లేదు. 2017 సెప్టెంబరు దాకా ల్యాండింగ్ చార్జీలని ఒక శాతం కలిపేవారు, ఇప్పుడది లేదు. ఎవరైనా పాత అలవాటుతో కలిపితే తీసేయమనండి.

మీ ఫైలు చూసే అధికారి చెన్నైలో ఉండాలని కూడా లేదు. 2020 నుంచి ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ వచ్చింది, ఫైలు ఏ ఊరి అధికారి ముందుకైనా వెళ్లొచ్చు. అందుకే కాగితాలే మీ తరఫున మాట్లాడాలి. సరుకు వివరణలో మెషినరీ అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. ఆటోమేటిక్ పౌచ్ ప్యాకింగ్ మెషిన్, మోడల్ నంబరు, నిమిషానికి ఎన్ని పౌచ్‌లు, కొత్తదా పాతదా, అన్నీ ఉండాలి. క్యాటలాగ్, బ్యాంకు రెమిటెన్స్ కాగితం ముందే అప్‌లోడ్ చేయిస్తే క్వెరీలు తగ్గుతాయి. డ్యూటీ లెక్క తేలి ఫైలు తిరిగి వచ్చాక ఒక పని రోజులో కట్టాలి, ఆ తర్వాత ఏడాదికి 15 శాతం చొప్పున వడ్డీ. డబ్బు సిద్ధంగా పెట్టుకోండి.

మెషిన్ చెక్క పెట్టెలో వచ్చిందా? అయితే సీహెచ్ఏని పెట్టె పక్కలు ఫోటో తీసి పంపమనండి. గోధుమ కంకి బొమ్మ, పక్కన సీఎన్ అన్న దేశం కోడ్, కింద హెచ్‌టీ అన్న అక్షరాలతో కాల్చి గానీ రంగుతో గానీ వేసిన ముద్ర కనిపించాలి. చెక్కను లోపలి దాకా 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడి చేశారని దాని అర్థం. చెక్కలో దాక్కున్న పురుగులు దేశాలు దాటకుండా పెట్టిన అంతర్జాతీయ నియమం ఇది. ముద్ర లేకపోతే ప్లాంట్ క్వారంటైన్ దగ్గర ఆగిపోతుంది. ప్లైవుడ్ పెట్టెకు ఈ ముద్ర అక్కర్లేదు. ముద్ర లేదని తేలితే దాచకుండా సీహెచ్ఏకి చెప్పి, ముందుగానే ట్రీట్‌మెంట్ చేయించుకునే దారి చూడమనండి.

సరుకు బయటికి తెచ్చే ముందు పెట్టెకు నాలుగు వైపులా ఫోటోలు తీయించండి. మూల విరిగినా, తడి మరక ఉన్నా సీఎఫ్‌ఎస్ కాగితం మీద రాయించాకే లారీ ఎక్కించండి. సీఐఎఫ్‌లో సప్లయర్ తీసుకునే ఇన్సూరెన్స్ చాలాసార్లు క్లాజ్ సీ, అన్నిటికంటే తక్కువ రకం. షిప్ మునిగినా, మంటలు లేచినా వర్తిస్తుంది. ఫోర్క్‌లిఫ్ట్ తగిలి మెషిన్ వంగినా, ఒక పార్టు పోయినా వర్తించదు. మీ కాగితం మీద ఏ క్లాజ్ ఉందో చూసుకోండి.

రెండో మెషిన్ ఇతని దగ్గరే కొనొచ్చా అని అడిగారు. మెషిన్ బాగా నడిస్తే కొనండి. మంచి మెషిన్ చేసేవాడిని కిరాయి గొడవ కోసం వదులుకోనక్కర్లేదు. కొనే పద్ధతి మారిస్తే చాలు. ఈసారి ధర ఎఫ్‌ఓబీ షెన్‌జెన్ అడగండి, అంటే అక్కడి రేవులో షిప్ ఎక్కించే దాకానే అతని ఖర్చు. కంటైనర్ సరుకుకు ఇన్‌కోటెర్మ్స్ 2020 (అంతర్జాతీయ వ్యాపార షరతుల నియమాలు) ప్రకారం ఎఫ్‌సీఏ, అంటే మీ రవాణాదారుకు అప్పగించే దాకా అతని బాధ్యత, అన్నదే సరైన మాట, కానీ చైనా సప్లయర్లు ఎఫ్‌ఓబీ అంటేనే త్వరగా అర్థం చేసుకుంటారు. ఎక్స్‌వర్క్స్ (ఫ్యాక్టరీ గుమ్మం దగ్గరే అప్పగింత) మాత్రం తీసుకోకండి. అప్పుడు చైనా వైపు కస్టమ్స్ పని కూడా మీ నెత్తిన పడుతుంది.

ఎఫ్‌ఓబీ ధర చేతికి రాగానే హైదరాబాద్‌లో సరుకు రవాణా ఏర్పాటు చేసే ఫార్వర్డర్లను ఇద్దరు ముగ్గురిని అడగండి. మాట ఒకటే ఉండాలి: షెన్‌జెన్ నుంచి జగిత్యాలలో మా గుమ్మం దాకా, డ్యూటీ కాకుండా, మొత్తం ఎంత? షిప్ కిరాయి, టీహెచ్‌సీ, డీవో, సీఎఫ్‌ఎస్, సీహెచ్ఏ ఫీజు, లారీ, ఒక్కో లైనూ రాసివ్వమనండి. ఇందులో లేని చార్జి ఏదీ తర్వాత వేయబోమని కింద ఒక వాక్యం రాయించుకోండి. ఎల్‌సీఎల్‌కి షిప్ కిరాయి సున్నా అని ఎవరైనా కొటేషన్ ఇస్తే వాళ్లను పక్కన పెట్టేయండి. సీఐఎఫ్ ధర కంటే ఎఫ్‌ఓబీ ధర ఏమీ తగ్గలేదని మొదట నిరాశ పడతారేమో. మీ గుమ్మం దగ్గరికి వచ్చాక ఎంతయిందో అది పోల్చండి.

చెన్నైతో పాటు హైదరాబాద్ సనత్‌నగర్ ఐసీడీకి (రేవుకు దూరంగా ఊళ్లో ఉండే కంటైనర్ డిపో) కూడా రేటు అడగండి. అక్కడైతే మీ వారు పొద్దున బయల్దేరి వెళ్లి, పెట్టెను కళ్లారా చూసి, సాయంత్రానికి ఇంటికి రావచ్చు. దూరాన ఉన్న మనిషి చెప్పిందే నమ్మాల్సిన అవసరం ఉండదు. రేటు కొంచెం ఎక్కువైనా నేనైతే మీకు అదే చెప్తాను.

ఎఫ్‌ఓబీలో ఇన్సూరెన్స్ మీరే తీసుకోవాలి. ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజెస్ ఏ, ఫ్యాక్టరీ నుంచి జగిత్యాల దాకా అని అడగండి. షిప్ నుంచి సరుకు దిగిన 60 రోజులకు ఆ పాలసీ ముగిసిపోతుందని గుర్తుంచుకోండి. ఫార్వర్డర్ ఇచ్చే ఫ్రైట్ సర్టిఫికెట్, పాలసీ కాగితం భద్రం. ఎఫ్‌ఓబీ ఇన్వాయిస్‌కు కిరాయి రుజువు లేకపోతే కస్టమ్స్ వాళ్లు ధరలో 20 శాతం కిరాయిగా కలుపుతారు, ఇన్సూరెన్స్ రుజువు లేకపోతే 1.125 శాతం. అసలు కిరాయి అంతకంటే చాలా తక్కువైనా ఆ ఎక్కువ విలువ మీదే డ్యూటీ పడుతుంది.

అడ్వాన్స్ పంపే ముందే మెషిన్ హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్ వర్గీకరణ నంబరు) సీహెచ్ఏకి ఇచ్చి, దానికి గానీ దాని మోటారుకు గానీ బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నిబంధన ఏదైనా వచ్చిందేమో, డ్యూటీ రేటు మారిందేమో కనుక్కోండి. ఈ ఆర్డర్లు ఏడాదిలో ఎన్నోసార్లు మారుతున్నాయి. షిప్ బయల్దేరగానే బిల్ ఆఫ్ ఎంట్రీ వేయించండి, షిప్ రావడానికి 30 రోజుల ముందు నుంచే వేసుకునే వీలుంది. ఇప్పటి మెషిన్ ఇంటికి చేరాక, దీని బిల్ ఆఫ్ ఎంట్రీ నంబరు మీ బ్యాంకుకు ఇచ్చి, మీరు పంపిన 6 లక్షల ఎంట్రీ ఐడీపీఎంఎస్‌లో మూసేశారో లేదో అడగండి. అది తెరిచే ఉంటే రెండో మెషిన్‌కు డబ్బు పంపడానికి వెళ్లినప్పుడు కౌంటర్ దగ్గరే ఆపేయొచ్చు.